గోడకూ కప్పుకూ మధ్య జానెడు

ఇంటి వయసెంత అన్నది ఫారంలో నాలుగో ప్రశ్న. మొదటి మూడూ పది నిమిషాల్లో రాసేశాను. నాలుగోదాని దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. మూడు రోజుల తర్వాత కూడా నేను రాసింది తప్పే.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆడదాన్నయినా సర్టిఫికెట్టు మీద ఉన్నది అదే మాట, అడిగినవాళ్లకు నేనూ అదే చెబుతాను. విజయనగరంలో ఇళ్ల ప్లాన్లు గీస్తూ ఇరవై ఏళ్లుగా బతుకుతున్నాను. ఏ ఇంట్లోకైనా వెళ్లి ఒకసారి చుట్టూ చూస్తే, బరువు మోసే గోడ ఏదో, ఉత్త అడ్డుగోడ ఏదో ఇట్టే చెప్పేస్తానని నాకు కాస్త గీర ఉండేది. మా ఇంటాయన ఆ గీరను వేరే మాటతో పిలుస్తాడు, అది ఇక్కడ రాయను.

ఈ పనీ, ఆ ఫారమూ ఒక సంస్థవాళ్లు ఇచ్చారు. మన్యంలో పాత ఇళ్లను బాగుచేసి, అరకు, లంబసింగి చూడ్డానికి వచ్చేవాళ్లకు బసగా ఇవ్వాలని వాళ్ల ఆలోచన. జి.మాడుగుల నుంచి జీపు వెళ్లగలిగినంత దూరం వెళ్లి, ఆపైన గంటసేపు కాఫీ తోటల్లోంచి ఎక్కితే వచ్చే ఊళ్లో వాళ్లకొక రాతి ఇల్లు దొరికింది. గడ్డి కప్పు. ఫొటో చూసి ఎగిరి గంతేశారట. నేను వెళ్లి కొలతలు తీసి, ప్లాను గీసి, ఏది అసలుదో, ఏది తర్వాత పెట్టిందో గుర్తు పెట్టాలి. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నా ప్లాను చూసే మేస్త్రీలకు చెబుతారు.

ఆ ఇల్లు ఒక ముసలమ్మది. భర్త పోయాడు, పిల్లల్లేరు. రెండేళ్లకోసారి కప్పు మీది గడ్డి మార్చాలి. గడ్డి కోసి తెచ్చేవాళ్లూ లేరు, పైకెక్కి కప్పేవాళ్లూ లేరు. పక్కనే మేనల్లుడు స్లాబు ఇల్లు కట్టుకున్నాడు, అందులో ఆమెకో గది ఇచ్చాడు. అందుకని పాత ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, ఒకే ఒక్క షరతు మీద. ఇల్లు తియ్యకూడదు. ఇంకేం చేసుకున్నా ఆమెకు పట్టదు. ఆ షరతు సంస్థవాళ్లే నాకు ఫోన్లో నవ్వుతూ చెప్పారు. తీసెయ్యడానికా మనం వెళ్లేది, అన్నారు. నేనూ నవ్వాను.

వెళ్లిన రోజు అసలు ఇల్లు ఎటు తిరిగి ఉందో అర్థం కాలేదు. చూరు నా నడుము దాకా దిగి ఉంది. గుమ్మం ఎక్కడో కప్పు కింద చీకట్లో ఉంది, బయటికి కనబడదు. చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ తిరిగి, చివరికి ఒక కోడి దూరిన చోట నేనూ వంగి దూరాను. అదృష్టం, దారి అదే. లోపల రాతి అరుగు, అరుగు దాటితే మోకాలెత్తు గడప, గడప దాటితే ఒకటే పెద్ద గది. కిటికీ లేదు. చీకటికి కళ్లు అలవాటు పడడానికి కాసేపు పట్టింది. ఒక మూల పొయ్యి, పైన వెదురు దబ్బల అటక, అటక మీద సామల బుట్టలు, పొగకు నల్లబడి నిగనిగలాడుతున్న వాసాలు. ఇంట్లో ఇనుప మేకు ఒక్కటీ లేదు. అంతా అడ్డతీగ నారతో కట్టిన కట్లే.

గోడలు చూసి మురిసిపోయాను. మూరెడు మందం. సున్నం లేదు, సిమెంటు లేదు. కొండరాళ్లను ఒకదాన్నొకటి పట్టుకునేట్టు పేర్చి, సందుల్లో ఎర్రమట్టి కూరారు. మూలల్లో ఒక రాయి అటు, ఒక రాయి ఇటు పెట్టుకుంటూ వచ్చారు, అచ్చం మాకు చదువులో చెప్పినట్టే. ఎవరు నేర్పారో వీళ్లకు అనుకుంటూ గోడ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాను. ఫొటోలు కూడా గోడవే తీసుకున్నాను.

అప్పుడు పైన ఒక వెలుతురు గీత కనబడింది. గోడకూ కప్పుకూ మధ్య జానెడు ఖాళీ, ఇంటి చుట్టూరా. కప్పు గోడ మీద ఆనలేదు. గోడ కుంగిపోయిందని వెంటనే తట్టింది నాకు. నేల దిగింది, దానితో పాటు గోడ దిగింది, కప్పు పైన మిగిలిపోయింది. మరి కప్పు దేని మీద నిలబడింది? గది మధ్యలో ఒక నిట్రాట ఉంది, నేల నుంచి కొన దాకా ఒకే మాను. నా రెండు చేతుల పట్టుకు అందనంత లావు, పైన పంగ, పంగలో నడిదూలం. మూలల్లో ఇంకో నాలుగు సన్న కర్రలు. సరే, గోడ కుంగాక కప్పు మీద పడకుండా పాపం ఇలా ఊతాలు పెట్టుకున్నారు అనుకున్నాను. చక్కగా అతికింది. చుట్టూ కొలిచినట్టు ఒకే జానెడు కుంగే గోడ లోకంలో ఎక్కడైనా ఉంటుందా అని అప్పుడు నాకు తట్టనే లేదు.

ముసలమ్మ పొయ్యి పక్కన కూర్చుని అడ్డాకులు కుడుతోంది. "మామ్మా, ఈ ఇల్లు ఎప్పుడు కట్టేరు?" అని అడిగాను.

"నాను కోడలుగా వొచ్చిన యేడే గోడెత్తేరు. మట్టి నానే తొక్కేను" అంది తలెత్తకుండా.

రాసుకున్నాను. ఆమె పెళ్లంటే యాభై ఏళ్లకు అటూ ఇటూ. సంస్థవాళ్ల ముఖాలు చిన్నబోతాయి, ఏం చేస్తాం.

"మా మాఁవ ఈ ఇంటిలోనే పుట్టేడు" అంది వెంటనే.

పెన్ను ఆగింది. "మామంటే మీ ఆయన నాన్నే కదా?"

"మరింకెవుడు?"

"మామ్మా, కోడలొచ్చాక కట్టిన ఇంట్లో మామగారు ఎలా పుడతాడు?"

ఆమె ఆకు పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది. "ఇల్లు ఇక్కడ నేదు కదా అప్పుడు. ఆ పైనుండీది" అని కొండ వైపు చెయ్యి చూపించింది.

"పైన మీకు ఇంకో ఇల్లు ఉండేదా?"

"ఇంకోటేటి? ఇదే."

లేచి బయటికి వచ్చాను. బయట మేనల్లుడు మోటారుసైకిలు తుడుచుకుంటున్నాడు. అతన్ని అడిగితే, "అత్త సెప్పింది రైటే మేడం. పైన ఊటెండిపోతే ఊరంతా కిందికొచ్చీసినారు" అన్నాడు.

"ఇల్లు అక్కడ వదిలేసి?"

"ఇల్లు ఒగ్గేసి ఏల వొత్తారు?" అని నవ్వాడు. ఇంకేదో చెప్పబోతుంటే ఫోన్ మోగింది, మాట్లాడుకుంటూ సిగ్నల్ ఉన్న చోటుకి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆ కొండెక్కాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నదాన్ని, చూడకుండా ఎలా రాస్తాను? పైన మొండి అరుగులు ఉన్నాయి, విరిగిన రోలు ఉంది, పొదల్లో కూలిన మట్టిగోడల ఆనవాళ్లు ఉన్నాయి. కర్రముక్క కూడా లేదు. ఇల్లు ఇక్కడ ఉంటే దీని శిథిలం ఇక్కడే ఉండాలి, ఇల్లు కింద ఉంటే ఇక్కడ ఏమీ ఉండకూడదు. రెండూ ఒకే ఇల్లు ఎలా అవుతాయి? మోకాళ్లు పట్టేసి, ఎండకి తలనొప్పి తెచ్చుకుని దిగాను. ఆమె అవే జవాబులు అంతే ఓపిగ్గా మళ్లీ చెప్పింది. నాకు విసుగొచ్చింది, దాచుకోలేదు కూడా. మాట మార్చి, గోడ ఎంత బాగుందో చెప్పాను.

"కిందినుంచి రాతిపనోలొచ్చి ఎత్తేరు. గోడదేటుంది? మరుగు. గాలి తగలకుండా" అంది ఆమె.

అంతకన్నా సూటిగా ఎవరు చెబుతారు? ఆ మాట చెవిలో పడింది, బుర్రలోకి వెళ్లలేదు. ముసలితనం, పాత ఇల్లూ కొత్త ఇల్లూ కలగలిసిపోతున్నాయి ఆమెకు అని నిర్ణయించేసుకున్నాను. మట్టి తొక్కిన మాట వదిలేసి, మామగారు పుట్టిన మాట పట్టుకుని, మూడో రోజు వయసు దగ్గర "సుమారు నూరేళ్లు" అని రాశాను. కింద ఇంకో రెండు వాక్యాలు కూడా నావే. "రాతి గోడలు ఈ ఇంటి ప్రాచీన భాగం. కర్రలు తర్వాత పెట్టిన ఊతాలు." నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. అది ఆ కాగితం మీద కూడా అలాగే ఉంది.

ప్లాను అరుగు మీద పరిచి ఆమెకు చూపించాను. మా పనిలో గోడల్ని లావు గీతలతో గీసి, మధ్యలో ఏటవాలు గీతలు నింపుతాం. తాత్కాలికమైనవాటిని చుక్కలతో గీస్తాం. నిట్రాటని చుక్కలతో చిన్న సున్నా చుట్టాను. ఆమె కాగితానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూసింది.

"ఇల్లేదీ?" అంది.

లావు గీతల వెంట వేలు పెట్టి చుట్టూ తిప్పి చూపించాను. ఆమె వేలు మాత్రం కాగితం మధ్యకు వెళ్లి ఆ చుక్కల సున్నా మీద ఆగింది. "ఇది తియ్యరు కదా?"

ఇల్లు మొత్తాన్ని అంటోందనుకున్నాను. ఏదో ఒకచోట వేలు పెట్టాలి కాబట్టి మధ్యలో పెట్టిందనుకున్నాను. "తియ్యరు మామ్మా" అన్నాను. ఒప్పుకున్నట్టు ఆమె ప్లాను కింద వేలిముద్ర వేసింది. నేను చేతిగుడ్డతో ఆమె బొటనవేలు తుడిచాను, అప్పుడు నా మీద నాకే ముచ్చటేసింది కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

వానలన్నీ వెళ్లిపోయాక, చలి మొదలయ్యే రోజుల్లో మేనల్లుడు ఫోన్ చేశాడు. "మేడం, అత్త తింటనేదు."

"ఒంట్లో బాలేదా?"

"ఒంటికేటి, బాగానే ఉంది. కోటా బియ్యం తింటంది. కొత్త తింటనేదు. మీరొకసారి రండి. మీరు సెప్పేరంట కదా" అన్నాడు. ఏం చెప్పాను నేను? అడిగేలోగా సిగ్నల్ పోయింది. దారంతా ఆలోచించాను. కొత్త ఏమిటో, తినకపోవడమేమిటో, మధ్యలో నేను చెప్పిందేమిటో ఒక్కటీ తేలలేదు.

దూరం నుంచి ఇల్లు కనబడగానే అమ్మయ్య అనుకున్నాను. గోడలు అలాగే ఉన్నాయి, రాళ్ల మధ్య సిమెంటు పూసి ఇంకా తీర్చిదిద్దారు. దగ్గరికి వెళ్తే ఒక్కొక్కటీ తెలిసింది. చూరు మనిషి ఎత్తుకు లేపారు. గుమ్మం ఎదురుగానే కనబడుతోంది. కప్పు ఇనుప పైపుల మీద రేకు, రేకు మీద అందానికి గడ్డి. గోడకూ కప్పుకూ మధ్య ఆ జానెడు ఖాళీ మూసేశారు. లోపల గది నడుమ ఖాళీగా, విశాలంగా ఉంది, మంచాలు వేశారు. అక్కడున్న మేస్త్రీ నన్ను గుర్తుపట్టి, "మీ ప్లాను ప్రకారమే చేశామండీ, ఒక్క అంగుళం తేడా రాలేదు" అన్నాడు. పొగడ్తగానే అన్నాడు.

నిట్రాట బయట బాట పక్కన పడి ఉంది. దూలం, వాసాలు, సన్న కర్రలు దాని పక్కన పోగేసి ఉన్నాయి. అడ్డనార కట్లు కత్తితో కోసేశారు. ముసలమ్మ ఆ మాను పక్కనే నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఇల్లు తియ్యరన్నావు" అంది.

గోడలున్నాయి కదా మామ్మా అనబోయి నాలిక కరుచుకున్నాను. ఇన్నాళ్లూ నా బుర్రలోకి వెళ్లనిదంతా అప్పుడు ఒక్కసారి వెళ్లింది. మామగారు పుట్టింది ఈ మాను కింద. కొండ మీది నుంచి మోసుకొచ్చింది దీన్ని. ఇక్కడ నిలబెట్టాక, ఆమె కోడలుగా వచ్చిన ఏడు, చుట్టూ గాలికి అడ్డంగా గోడ ఎత్తారు. కప్పు ఏనాడూ గోడ మీద లేదు. గోడ ఏనాడూ కుంగలేదు.

"అప్పుడూ తీసేరు ఇల్లు. తీసినోలు మోసుకొచ్చి నిలబెట్టేరు. ఈ పనోలు తీసి పడీసేరు" అంది ఆమె. గొంతులో కోపం ఉందేమోనని వెతికాను. ఉంటే నాకు నయంగా ఉండేది.

మిగతాది మేనల్లుడు చెప్పాడు. ఏటా కొత్త సామలు రాగానే ముందు నిట్రాట మొదట్లో వండి పెడతారు. వాళ్ల పెద్దలంతా అక్కడే ఉంటారు. వాళ్లు తిన్నాకే ఇంటివాళ్లు కొత్త ముట్టుకోవాలి. ఊళ్లో అందరూ కొత్త తినేశారు. ఈమె ఒక్కతే సామలు బుట్టలో ఉంచుకుని కోటా బియ్యంతో గడుపుతోంది. "ఇల్లు బాట మీద పడుంటే ఎక్కడ పెడతాది మేడం?" అన్నాడు. సంస్థవాళ్లకు ఫోన్ చేశాను. అయ్యో అన్నారు, నిజంగానే బాధపడ్డారు. కానీ పైపులు కాంక్రీటులో దిగిపోయాయి, వచ్చే వారం నుంచి గదికి మనుషులు వస్తున్నారు.

స్లాబు గదిలో నిలబెడదామని మేనల్లుడి ఆలోచన. టేపు నేనే పట్టాను. గది ఎత్తు పది అడుగులు, మాను పదిహేను దాటింది. అతను రంపం కూడా తెచ్చి పెట్టుకున్నాడు. ముసలమ్మ నన్ను చూసి, "సదువుకున్నావు కదా, ఏ పక్క కొయ్యాల?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. పైన చూస్తే దూలాన్ని మోసిన పంగ. కింద చూస్తే తరతరాలుగా కొత్త తిన్న మొదలు. టేపు చేతిలో పట్టుకుని అటు నడిచాను, ఇటు నడిచాను. ఇరవై ఏళ్లలో ఎందరి గోడలో కొట్టించాను, ఏనాడూ వెనకాడలేదు. ఇప్పుడు గుర్తు పెట్టడానికి సుద్దముక్క కూడా బయటికి తీయలేకపోయాను.

"కొయ్యొద్దు. బయట నిలబెడదాం" అన్నాను. అది సరైన సలహానో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు.

మేనల్లుడి పెరట్లో గొయ్యి తీశారు. ఊళ్లో ఉన్న మగవాళ్లు ఏడుగురు వచ్చారు, అందులో ముగ్గురు ముసలివాళ్లు. ఈ మానునే కొండ మీది నుంచి దించినప్పుడు ముప్పై మంది పట్టారని ఒకాయన చెప్పాడు. తాళ్లు కట్టి, గొంతు కలిపి, రెండుసార్లు జారిపోయి, మూడోసారి లేపారు. నేను సంచీలోంచి నిలువు సరిచూసే తూకపు దారం తీసి చూసి, "తూర్పుకి వాలింది, సరిచెయ్యండి" అన్నాను. ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వి, "అదెప్పుడూ అటే" అన్నాడు. దారం సంచీలో పెట్టేశాను. నాలుగు మూలలా సన్న కర్రలు, పంగలో దూలం, దొరికినంత గడ్డి ఒకవైపు, గడ్డి చాలని వైపు టార్పాలిన్. సాయంత్రం కాకముందే ఇల్లు లేచింది. గోడ అన్నది లేదు. ఎటు నుంచి లోపలికి వెళ్లాలో తెలియక చెప్పులు విడిచి అక్కడే తచ్చాడుతుంటే, "రా, రా" అని ఆమె లోపలి నుంచి పిలిచింది.

సామలు దంచి ఉంచుకుంది. నిట్రాట మొదట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించింది. కొండ మీది నుంచి చల్లగాలి నేరుగా వచ్చి కొడుతోంది. పొయ్యి ఆరింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆరింది. ఆమె తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వలా అటేపు కూకో" అంది.

గాలికి వీపు పెట్టి కూర్చున్నాను. పొయ్యి అంటుకుంది. వీపు చల్లబడిపోయింది, పళ్లు టకటకలాడాయి, కదలలేదు. అన్నం ఉడికాక ఒక ముద్ద ఆకులో పెట్టి నిట్రాట మొదట్లో ఉంచి, తన భాషలో ఏదో చెప్పింది. అందులో నా గురించి ఏమైనా ఉందో లేదో తెలియలేదు. తర్వాత ఇంకో ఆకు వేసుకుని తను తినడం మొదలుపెట్టింది. ఆవురావురుమని తింది. ఇన్నాళ్లూ ఈ కొత్త కోసం ఎంత ఆకలితో ఉందో అప్పుడు చూశాను, నాకు ఏడుపొచ్చింది.

"గోడ మీకుండిపోయింది" అంది తింటూ మధ్యలో. తిట్టో, ఉత్త మాటో తేల్చుకోలేకపోయాను.

పొయ్యి పని అయిపోయింది కదా అని లేవబోయాను.

"కూకో. ఆకెగిరిపోతాది" అంది.

కూర్చున్నాను.